కదలని కంప్యూటరును పరీక్షించు క్రమము

విద్యార్థులారా! లినక్సుతో నడచు కంప్యూటరుపై వ్యాసము వ్రాయుచుండగా ఒక్కొక్కప్పుడు తెర బిగిసిపోవును; మౌసు కదలదు, అక్షరము పడదు. అట్టి సమయమున విద్యుత్తును వెంటనే తీసివేయుట పలువురి అలవాటు. అది తగదు. డిస్కుపై వ్రాయబడవలసిన సమాచారము కొంత యింకను మెమరీలోనే నిలిచియుండును. విద్యుత్తు పోయిన అదియు పోవును. నెలదినముల శ్రమ నిమిషములో నశింపవచ్చును. కావున ఏది నిలిచిపోయినదో ముందుగా నిర్ణయింపవలెను.

ఈ వ్యవస్థను మూడంతస్తుల యింటిగా భావింతము. అడుగున నున్నది కెర్నెలు; దీనిని 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ ప్రకటించెను. దానిపైన తెరను చిత్రించు డెస్క్‌టాప్. అన్నిటికిని పైన మనము వాడు ప్రోగ్రాములు. పై యంతస్తు చెడినంత మాత్రమున పునాది చెడదు.

మొదట రెండు నిమిషములు వేచియుండుడు. డిస్కు దీపము ఎడతెగక మినుకుచున్నచో, మెమరీ చాలక యంత్రము డిస్కును దానికి మారుగా వాడుకొనుచుండవచ్చును. తనంతట తేరుకొనుటయు గలదు. పిమ్మట క్యాప్స్‌లాక్ మీటను నొక్కుడు. దాని దీపము మారినచో యంత్రము మన మాట వినుచున్నది. మారకున్నను నిరాశ వలదు.

రెండవది, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కుడు. నల్లని తెరపై మీ పేరును, రహస్యపదమును అడిగినచో కెర్నెలు సజీవముగ నున్నది. లోన ప్రవేశించి ‘టాప్’ అని వ్రాసిన, ఏ ప్రోగ్రాము మెమరీని మ్రింగుచున్నదో దాని సంఖ్యతో కనబడును. ‘క్యూ’ నొక్కి వెలికివచ్చి, ‘కిల్’ అని వ్రాసి ఆ సంఖ్యను చేర్చుడు. ఇది ముగింపుమను విన్నపము. వినకున్న ‘కిల్ -9’ అని వ్రాయవలెను. ఈ యాజ్ఞ పొందిన ప్రోగ్రామునకు తన పనిని భద్రపఱచుకొను వ్యవధి యుండదు. కావుననే విన్నపము ముందు, ఆజ్ఞ వెనుక.

మూడవది, ఏదియు ఫలింపనిచో ఆల్ట్‌ను, సిస్‌రిక్ మీటను పట్టుకొని, కొన్ని సెకనుల యెడముతో ఆర్, ఇ, ఐ, ఎస్, యు, బి అను అక్షరములను వరుసగా నొక్కుడు. సిస్‌రిక్ సాధారణముగా ప్రింట్‌స్క్రీన్ మీటపైననే యుండును. ఆర్ కీబోర్డును డెస్క్‌టాప్ చేతినుండి విడిపించును. ఇ ప్రోగ్రాములను ముగింపుమని కోరును. ఐ బలవంతముగ ముగించును. ఎస్ మిగిలిన సమాచారమును డిస్కుపై వ్రాయించును. యు డిస్కును చదువుటకు మాత్రమే యుంచును. బి యంత్రమును మరల ప్రారంభించును. కొన్ని లినక్సు పంపిణీలలో వీనిలో కొన్నిటికే అనుమతి గలదు. ఇదియు విఫలమైనప్పుడే విద్యుత్ మీటను నొక్కి పట్టవలెను.

యంత్రము లేచినంతనే పని ముగియలేదు. ‘జర్నల్‌సీటీఎల్ -బి -1’ అను ఆజ్ఞ, చిట్టా భద్రపఱచబడియున్నచో, గడచిన పర్యాయపు సంగతులను చూపును. మెమరీ చాలమియా, డిస్కు నిండుటయా, చిత్రముల డ్రైవరు దోషమా, వేడిమియా యని అచట వెదకవలెను. కారణ మెఱుగక క్రొత్త యంత్రమును కొనుట ధనవ్యయమే యని తలిదండ్రులును గమనింతురు గాక. విద్యార్థులు మాత్రము పేరా ముగిసినప్పుడెల్ల కంట్రోల్, ఎస్ నొక్కుట నేర్వవలెను. పై చికిత్స లన్నియు యంత్రమును లేపునేగాని, భద్రపఱచని వాక్యమును మరల తేజాలవు.