సూచీ పరివర్తనమునకు ముందు సూచీ శోధనము: పలనాటి లిఖిత సామగ్రి దృష్ట్యా

లిఖిత ప్రతుల భాండాగారమునకు సూచి కన్ను వంటిది. ప్రతి అరలో ఉన్నను, సూచిలో లేనిచో అది పరిశోధకునికి లేనట్లే. కాగితపు సూచీలను, తొలినాటి కంప్యూటరు పట్టికలను విడిచి నూతన వ్యవస్థకు మారుట నేడు అవసరమే. కాని పాత పట్టికను శోధింపక క్రొత్తదానిలోనికి ఎక్కించినచో, పాత దోషములకు క్రొత్త ప్రామాణ్యము లభించును.

సూచి అన్వేషణ సాధనమే కాక రక్షణ సాధనము కూడ. కాత్యాయనుని సర్వానుక్రమణి ఋగ్వేద సూక్తములకు ప్రతీకను, ఋక్సంఖ్యను, ఋషి దేవతా ఛందస్సులను నిర్దేశించును. ఒక ఋక్కు లోపించినను, అధికమైనను ఆ సంఖ్యయే పట్టి ఇచ్చును. భాండాగార సూచికిని ఈ లక్షణము ఉండవలెను.

మాచర్ల, కారెంపూడి, గురజాల ప్రాంతముల స్థానిక చరిత్రను వెదకువారు కర్నల్ మెకంజీ సేకరణమును చూడక తప్పదు. మెకంజీ 1821లో మరణించెను. విల్సన్ 1828లో ఆ సేకరణమునకు వర్ణనాత్మక సూచిని ప్రకటించెను. మద్రాసు చేరిన ప్రతులను టెయిలర్ పరిశీలించి 1838లో వివరములు వెలువరించెను. 1857-62 మధ్య మూడు సంపుటముల సూచిని కూర్చెను. సూచి మారినపుడు ప్రతి సంఖ్యయు మారును. పూర్వ పరిశోధకులు ఉదాహరించినది పాత సంఖ్యను. కనుక నూతన వ్యవస్థలో పాత సంఖ్యలన్నిటికిని స్థానము ఉండవలెను. వానిని తొలగించుట పూర్వ గ్రంథములలోని ఆధారములను త్రెంచుటయే.

శోధనము ఉభయ దిశలను సాగవలెను. సూచి నుండి అరకు పోయినచో లుప్తమైన ప్రతులు తెలియును. అర నుండి సూచికి వచ్చినచో నమోదు కాని ప్రతులు తెలియును. ఒకే తాళపత్ర సంపుటిలో పలు కృతులు ఉన్నపుడు, మొదటిదాని పేరు మాత్రమే వ్రాసి తక్కినవి విడుచుట రెండవ మార్గముననే బయటపడును. అన్నిటిని చూచుటకు వీలు లేనిచో ప్రతి విభాగము నుండి కొన్నిటినైనను పత్రసంఖ్యతో సరిచూడవలెను.

పిదప విషయ శోధనము. లిపిని భాషగా భ్రమించుట సామాన్య దోషము. తెలుగు లిపిలోని సంస్కృత గ్రంథము తెలుగు కృతిగా నమోదగును. కర్తృత్వము మరొకటి. 1911లో అక్కిరాజు ఉమాకాంతము ప్రకటించిన పలనాటి వీరచరిత్రము శ్రీనాథ కృతమని ప్రసిద్ధి. దానిపై వివాదము కలదు. కర్త గడిలో “శ్రీనాథుడు” అని మాత్రమే ఉన్నచో ప్రసిద్ధి సిద్ధాంతమగును. “ఆరోపితము” అని చేర్చుట అవశ్యము.

కాలమున మరింత జాగరూకత వలయును. గ్రంథాంతమున “ప్రభవ” అని మాత్రమే ఉన్న ప్రతి 1867-68 నాటిది కావచ్చును, 1927-28 నాటిది కావచ్చును, అంతకు అరువది ఏండ్లు పూర్వపుది కావచ్చును. కంప్యూటరు గడి ఒక్క అంకెనే కోరినచో లేఖకుడు ఊహించి నింపును. ఆ ఊహ పిదప తేదీగా చెలామణి అగును. మూలములోని మాటను యథాతథముగ ఉంచి, నిర్ణయమును వేరొక గడిలో వ్రాయవలెను. స్థలనామములందును ఇదియే న్యాయము. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడువరకు మాచర్ల గుంటూరు జిల్లాలోనిది. పాత సూచిలోని జిల్లా పేరును దోషమని చెరపరాదు. క్రొత్త పేరును ప్రక్కన చేర్చవలెను. పలనాడు, పల్నాడు అను రెండు రూపములతోను వెదకుటకు వీలుండవలెను.

తొలినాళ్ల పట్టికలు ప్రత్యేక ఖతులలో టైపు చేయబడినవి. అవి యూనికోడ్‌కు మారునపుడు అరసున్న, బండి ఱ వంటివి లోపింపవచ్చును. మార్చిన పాఠమును మూలముతో అక్షరశః పోల్చనిదే అంగీకరింపరాదు.

శోధనమున కనబడిన దోషమును దిద్దినవారి పేరు, తేదీ, ఆధారము నమోదు కావలెను. పాత పట్టిక ప్రతి ఒకటి మార్పు లేక భద్రపడవలెను. యంత్రము వేగముగ వెదకును. వెదకినది సత్యమా అను ప్రశ్నకు అర చెంత కూర్చుండి పత్రములు లెక్కించిన పండితుడే ఉత్తరము చెప్పగలడు. కావున నూతన వ్యవస్థకు కేటాయించు ధనమున, కాలమున ప్రథమ భాగము ఈ శోధనమునకే చెందవలెను.