పేరు విని కాదు, ముక్క చూసి తీర్పు చెప్పండి

"పంది మాంసమా? ఛీ!" అనేవాళ్లు కొందరు. "పంది మాంసమా? ఆహా!" అనేవాళ్లు కొందరు. ఇద్దరూ ఒకే పని చేస్తున్నారు. పేరు వినగానే తీర్పు చెప్పేస్తున్నారు. ఏ భాగం, ఎలా వండారు, ఎంత తింటున్నారు అని ఇద్దరిలో ఒక్కరూ అడగడం లేదు.

ఈ అలవాటు కంచం దగ్గర ఆగదు. ఉద్యోగం ఎంచుకునేటప్పుడు, అప్పు తీసుకునేటప్పుడు, సంబంధం చూసేటప్పుడు కూడా మనతోనే వస్తుంది. దాన్ని మార్చుకోవాలంటే చిన్నచోట మొదలుపెట్టాలి. అందుకు మన హైదరాబాద్‌లోని నేరేడ్‌మెట్ కంటే మంచి చోటు లేదు.

సైనిక్‌పురి, డిఫెన్స్ కాలనీ, వాయుపురి చుట్టుపక్కల దేశం నలుమూలల నుంచి వచ్చిన సైనిక కుటుంబాలు స్థిరపడ్డాయి. ఒకరింట్లో ఆదివారం పోర్క్ రోస్టు, పక్కింట్లో పప్పుచారు. నమ్మకం వల్లో, ఇష్టం లేకో తినని వారిని తినమనడం నా ఉద్దేశం కాదు, వారి నిర్ణయం గౌరవించదగ్గది. తినేవారు తెలిసి తినాలి, తిననివారు తెలిసి మాట్లాడాలి. నేను కోరేది అంతే.

మొదటి ప్రశ్న: ఏ భాగం?

దుకాణంలో "అర కిలో ఇవ్వన్నా" అని ఊరుకుంటే తోలు, కొవ్వు, కండ కలిపి కొట్టి ఇస్తారు. "నడుం ముక్క ఇవ్వన్నా, పైన తెల్లది తీసెయ్" అనండి. ఆ ఒక్క మాటతో సంచిలోకి వచ్చే వస్తువే మారిపోతుంది.

లెక్క చూడండి. వెన్నెముక లోపలి వైపు ఉండే మెత్తని కండను కొవ్వు తీసి రోస్టు చేస్తే, 100 గ్రాముల్లో సుమారు 26 గ్రాముల ప్రొటీను, మూడున్నర గ్రాముల కొవ్వు, 143 కేలరీలు ఉంటాయి. తోలు తీసిన కోడి రొమ్ము ముక్కలో కొవ్వు కూడా దాదాపు అంతే. అదే పంది పొట్ట భాగమైతే పచ్చి మాంసంలోనే 100 గ్రాములకు 50 గ్రాములు దాటి కొవ్వు, 500 దాటి కేలరీలు. జంతువు ఒకటే, పేరూ ఒకటే. కేలరీలు మాత్రం మూడింతలకు పైగా తేడా!

మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీను కావాలి. 65 కిలోల మనిషికి 54 గ్రాములు. వంద గ్రాముల రోస్టుతో అందులో దాదాపు సగం సమకూరుతుంది.

ఇంతకంటే విలువైన విషయం ఇంకొకటుంది. థయమిన్ అనే బి1 విటమిన్ మామూలుగా మనం తినే మాంసాలన్నిటిలోకీ పంది కండలోనే ఎక్కువ. మెత్తని కండ వంద గ్రాములు తింటే రోజు అవసరంలో సగానికి పైగా అందుతుంది. కోడిలో ఉండేది ఇందులో చిన్న వంతే. తిన్న అన్నం ఒంట్లో శక్తిగా మారాలంటే ఈ విటమిన్ ఉండి తీరాలి. అది లోపిస్తే బెరిబెరి జబ్బు వస్తుంది. 1920లలో వైద్య పరిశోధకుడు రాబర్ట్ మెక్‌కారిసన్ ఉత్తర సర్కారు జిల్లాల్లో ఆ వ్యాధిని పరిశీలించారు. తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యమే ప్రధాన ఆహారమైన చోట ఆ జబ్బు కనిపించేది, ఉప్పుడు బియ్యం తినేచోట అరుదు. మూడు పూటలా తెల్లన్నం తినే మనం మరిచిపోకూడని పాఠం ఇది. పంది మాంసం తిననివారికి వేరుశనగలు, పప్పులు, దంపుడు బియ్యం ఉన్నాయి. దారి ఏదైనా ఆ విటమిన్ అందాలి.

రెండో ప్రశ్న: ఎలా వండారు?

కండ ముక్కను తడి లేకుండా తుడవండి. అల్లం వెల్లుల్లి, మిరియాలు, పసుపు, నిమ్మరసం పట్టించి గంటసేపు ఉంచండి. ఓవెన్‌లో గానీ, మూతపెట్టిన మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద గానీ కాల్చండి. ఊరిన రసాన్ని పారబోయకండి. థయమిన్ నీటిలో కరిగే విటమిన్, కొంత ఆ రసంలోకి దిగుతుంది. రసాన్ని ఫ్రిజ్‌లో పెడితే పైన కొవ్వు తెల్లగా గడ్డకడుతుంది. ఆ గడ్డ తీసి పారేయండి, కింద మిగిలిన రసం కూరలో కలపండి. వంటసోడా వేయొద్దు, అది థయమిన్‌ను నాశనం చేస్తుంది.

ఉడకడంలో రాజీ వద్దు. అమెరికా వ్యవసాయ శాఖ 2011 నుంచి పెద్ద ముక్కకు లోపల 63 డిగ్రీల సెల్సియస్, ఆపైన మూడు నిమిషాల విరామం చాలంటోంది. కైమాకు మాత్రం 71. మన దగ్గర దేనికైనా 71 దాటించడమే మేలు. మాంసం రంగును నమ్మొద్దు, వంటింటి థర్మామీటర్ గుచ్చి చూడండి.

బద్దెపురుగు భయం ఉంది కదా! సగం ఉడికిన మాంసం వల్ల పేగుల్లో బద్దెపురుగు చేరవచ్చు. మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛలు తెచ్చే జబ్బు మాత్రం ఆ పురుగు గుడ్లు నోట్లోకి వెళ్తే వస్తుంది. గుడ్లు వచ్చేది పురుగు ఉన్న మనిషి మలంతో కలుషితమైన నీళ్లు, పచ్చి కూరగాయలు, కడగని చేతుల ద్వారా. కాబట్టి శాకాహారికీ రావచ్చు. మాంసం బాగా ఉడికించండి, కూరలు బాగా కడగండి, సబ్బుతో చేతులు కడుక్కోండి. మూడూ చేయాలి.

వదంతికి ఎంత బలం ఉందో మన నగరానికి తెలుసు. దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు 2009 మే నెలలో హైదరాబాద్‌లోనే నిర్ధారణ అయింది. జబ్బు పేరులో పంది ఉంది కాబట్టి మాంసం తింటే వస్తుందని భయపడినవారున్నారు. ఉడికిన మాంసంతో అది రాదు. దగ్గు, తుమ్ముల ద్వారా మనిషి నుంచి మనిషికి పాకుతుంది. పేరును పట్టుకుంటే అసలు జాగ్రత్త పక్కకు పోతుంది.

మూడో ప్రశ్న: ఎంత?

మంచిదని తెలిశాక మోతాదు మరవడం రెండో తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో ఎర్ర మాంసాన్ని 'బహుశా క్యాన్సర్ కారకం' కోవలో, బేకన్, హామ్, సాసేజ్ వంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని 'ఖాయంగా కారకం' కోవలో పెట్టింది. పంది మాంసం ఎర్ర మాంసం లెక్కలోకే వస్తుంది. వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ మాట ప్రకారం వండిన ఎర్ర మాంసం వారానికి 350 నుంచి 500 గ్రాములు దాటకూడదు. వారానికి రెండుసార్లు వందేసి గ్రాములు తింటే హద్దులోనే ఉంటారు. రోస్టుకు బదులు రోజూ పొద్దున బేకన్ తింటే క్యాన్సర్ ముప్పుకు తోడు ఉప్పు కూడా పెరుగుతుంది. రక్తపోటో, కిడ్నీ జబ్బో ఉన్నవారు డాక్టర్‌ను అడిగే తినాలి.

ఈ మూడు ప్రశ్నలూ బతుక్కీ పనికొస్తాయి

"ఆ కంపెనీ మంచిది కాదట" అని ఎవరైనా అంటే, ఏ విభాగం అని అడగండి. "లోను చాలా తేలికట" అంటే, ఎలా ఇస్తారు, ఏ షరతుల మీద అని అడగండి. "షేర్లలో డబ్బు పెట్టు" అంటే, ఎంత అని అడగండి. మీ పిల్లలు వింటుండగా అడగండి. వాళ్లకు ఇంతకంటే పెద్ద ఆస్తి మీరు ఇవ్వలేరు.

అడిగే మనిషిని మోసం చేయడం కష్టం, భయపెట్టడం ఇంకా కష్టం. ఈ ఆదివారం దుకాణంలో మాంసమైనా, కూరగాయలైనా, నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడిగి కొనండి. జవాబు నచ్చకపోతే కొనకుండా వచ్చేయండి.