పాఠం 17: ఫైర్‌వాల్‌పై మార్గాల పునఃపంపిణీ

రిప్, ఓఎస్‌పీఎఫ్ అనే రూటింగ్ ప్రోటోకాల్‌లను గురించి గత రెండు పాఠాలలో విడివిడిగా చదివారు. ఒకే సంస్థలో ఈ రెండూ ఉంటే ఏమవుతుంది? ఈ పాఠం చదివిన తరువాత మీరు ఒక ప్రోటోకాల్ నేర్చుకున్న మార్గాలను రెండవదానికి అందించగలుగుతారు. అంతకంటే ముఖ్యంగా, ఏ మార్గాలను అందించకూడదో నిర్ణయించగలుగుతారు.

17.1 సమస్య

ఒక సంస్థ ప్రధాన కార్యాలయంలో ఓఎస్‌పీఎఫ్ నడుస్తోంది. దాని నెట్‌వర్క్ 10.10.0.0/16. పాత శాఖలలో రిప్ రెండవ వెర్షన్ నడుస్తోంది. ఒక శాఖ నెట్‌వర్క్ 172.16.5.0/24. రెండింటి మధ్య సిస్కో ఏఎస్‌ఏ ఫైర్‌వాల్ ఉంది. ఫైర్‌వాల్‌కు రెండు వైపుల మార్గాలూ తెలుసు. కాని ఒక వైపు విన్నదాన్ని అది తనంతట తాను రెండో వైపుకు చెప్పదు. మనం చెప్పమంటేనే చెబుతుంది. దీనినే రూట్ రీడిస్ట్రిబ్యూషన్ లేదా మార్గాల పునఃపంపిణీ అంటారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. పక్క ఊరి దూరాన్ని ఒకరు “మూడు ఊళ్ళు దాటాలి” అని, మరొకరు “నలభై రూపాయల చార్జీ” అని చెప్పారనుకోండి. ఊళ్ళను రూపాయల్లోకి మార్చే లెక్క లేదు. రిప్ దారిలోని రౌటర్లను లెక్కపెడుతుంది. 15 వరకే చేరవచ్చు, 16 అంటే చేరలేనిదని అర్థం. ఓఎస్‌పీఎఫ్ లింకుల ఖర్చును కూడుతుంది. కాబట్టి సరిహద్దు దాటే మార్గానికి కొత్త మెట్రిక్‌ను మీరే ఇవ్వాలి. అలా ఇచ్చినప్పుడు దాని పాత కొలత పోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, 17.3లో దీనితో పని పడుతుంది.

17.2 ఆదేశాలు

ఆదేశాలను ఇక్కడ ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇస్తున్నాం. కీబోర్డుపై ఆంగ్ల అక్షరాలలోనే టైపు చేయాలి.

ముందుగా ఏ మార్గాలు దాటవచ్చో జాబితా రాయండి:

యాక్సెస్-లిస్ట్ శాఖలు స్టాండర్డ్ పర్మిట్ 172.16.5.0 255.255.255.0
రూట్-మ్యాప్ శాఖ-దారి పర్మిట్ 10
మ్యాచ్ ఐపీ అడ్రెస్ శాఖలు

తరువాత పునఃపంపిణీ:

రౌటర్ ఓఎస్‌పీఎఫ్ 1
రీడిస్ట్రిబ్యూట్ రిప్ మెట్రిక్ 30 మెట్రిక్-టైప్ 1 సబ్‌నెట్స్ రూట్-మ్యాప్ శాఖ-దారి

‘సబ్‌నెట్స్’ అనే మాటను చాలామంది వదిలేస్తారు. అప్పుడు తరగతుల ప్రకారం ఉన్న పూర్తి నెట్‌వర్క్‌లే దాటుతాయి. మన 172.16.5.0/24 ఒక బి తరగతి నెట్‌వర్క్‌లో ముక్క కనుక దాటదు. 

మెట్రిక్-టైప్ 1 అంటే మనమిచ్చిన 30కి ఓఎస్‌పీఎఫ్ లోపలి ఖర్చు కూడా కలుస్తుంది. టైప్ 2లో కలవదు, ఎంత దూరం వెళ్ళినా 30గానే ఉంటుంది. ఏమీ చెప్పకపోతే టైప్ 2 అవుతుంది. నిష్క్రమణ స్థానాలు రెండు ఉన్నచోట టైప్ 1 మేలు, ఎందుకంటే ప్రతి రౌటరూ తనకు దగ్గరి ద్వారాన్ని ఎంచుకోగలదు.

రెండో దిశకు 10.10.0.0ను మాత్రమే అనుమతించే మరో రూట్-మ్యాప్ రాసి, రౌటర్ రిప్ కింద ఓఎస్‌పీఎఫ్ 1ని మెట్రిక్ 2తో పునఃపంపిణీ చేయండి. ఇది మీకు అభ్యాసం.

17.3 రెండు ఫైర్‌వాల్‌లు ఉంటే

ఒక్క ఫైర్‌వాల్ ఉన్నంతకాలం పొరపాటు పెద్దగా బయటపడదు. భద్రత కోసం క, ఖ అని రెండు ఫైర్‌వాల్‌లు పెట్టామనుకోండి, రెండింటిపైనా రూట్-మ్యాప్ లేకుండా పునఃపంపిణీ చేశామనుకోండి. కాగితంపై బొమ్మ గీసుకుని కింది వివరణను చదవండి.

శాఖ మార్గాన్ని క ఫైర్‌వాల్ ఓఎస్‌పీఎఫ్‌లోకి చెబుతుంది. ఖ ఫైర్‌వాల్ అదే మార్గాన్ని రెండు నోళ్ళ వింటుంది. రిప్ మాటకు నమ్మకపు సంఖ్య 120, ఓఎస్‌పీఎఫ్ మాటకు 110. తక్కువ సంఖ్యకే విలువ కనుక, శాఖకు నేరుగా దారి ఉన్నా ఖ ఫైర్‌వాల్ ప్రధాన కార్యాలయం మీదుగా క వైపు తిరుగుతుంది. అంతటితో ఆగదు. ఓఎస్‌పీఎఫ్‌లో విన్న ఆ మార్గాన్ని మళ్ళీ రిప్‌లోకి మెట్రిక్ 2తో ప్రకటిస్తుంది. శాఖ నిజానికి క ఫైర్‌వాల్‌కు ఐదు రౌటర్ల దూరంలో ఉంటే, ఈ రెండు అంకె దానికి దగ్గరి దారిగా కనిపిస్తుంది. పాత కొలత పోయింది కదా! ఇక క ఫైర్‌వాల్ ఖ వైపు, ఖ ఫైర్‌వాల్ క వైపు చూపుతాయి. ప్యాకెట్ అటూ ఇటూ తిరుగుతుందే గాని శాఖకు చేరదు.

మార్గం తన చరిత్రను కోల్పోతే ఎంత నష్టమో ప్రపంచం 1997 ఏప్రిల్ 25న చూసింది. ఏఎస్ 7007 అనే సంఖ్య గల నెట్‌వర్క్ నుండి ఇంటర్నెట్ మార్గాలు /24 ముక్కలుగా, అక్కడే పుట్టినవన్నట్లుగా బయటకు వెలువడ్డాయి. చిన్న ముక్కను చూపే మార్గానికే రౌటర్లు ప్రాధాన్యమిస్తాయి కనుక ఇతరుల ట్రాఫిక్ అటు మళ్ళింది.

మన ఉదాహరణలో నివారణ 17.2లోని రూట్-మ్యాప్‌లే. రెండు ఫైర్‌వాల్‌లపైనా, రెండు దిశలలోనూ అవి ఉండాలి. అప్పుడు శాఖ మార్గం రిప్‌లోకి తిరిగి రాదు. అయినా ఖ ఫైర్‌వాల్ చుట్టుదారినే పడుతుంది. దానికి రౌటర్ ఓఎస్‌పీఎఫ్ కింద ‘డిస్టెన్స్ ఓఎస్‌పీఎఫ్ ఎక్స్‌టర్నల్ 130’ అని ఇవ్వండి. బయటి నుండి వచ్చిన మార్గాలకు ఇప్పుడు రిప్ కంటే తక్కువ నమ్మకం ఉంటుంది.

ఇది ఫైర్‌వాల్ కావడం వల్ల చుట్టుదారి మరింత హానికరం. రౌటర్ అయితే ప్యాకెట్ ఎటు వచ్చినా పంపుతుంది. ఫైర్‌వాల్ సంభాషణ మొదలును గుర్తుంచుకుంటుంది. ప్రశ్న క ద్వారా వెళ్ళి జవాబు ఖ ద్వారా వస్తే, ఖ ఫైర్‌వాల్‌కు ఆ సంభాషణ తెలియదు కనుక జవాబును పారేస్తుంది. వినియోగదారు మాత్రం “నెట్ పని చేయడం లేదు” అంటాడు. మరొక సంగతి, మార్గం తెలిసినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. యాక్సెస్ నియమాలు వేరుగా రాయాలి.

పాఠగత ప్రశ్నలు 17.1

1. ప్రధాన కార్యాలయపు రౌటర్‌లో శాఖ మార్గం కనిపించడం లేదు. ఫైర్‌వాల్‌లో ‘షో రూట్’ ఇస్తే కనిపిస్తోంది. మొదట ఏ మాట కోసం వెతుకుతారు?
2. మార్గాలన్నీ సరిగానే ఉన్నాయి, అయినా శాఖకు టీసీపీ సంభాషణ కుదరడం లేదు. పరిశీలించవలసిన రెండు విషయాలు రాయండి.

జవాబులు

1. రీడిస్ట్రిబ్యూట్ ఆదేశంలో ‘సబ్‌నెట్స్’ ఉందా అని. ఉంటే, రూట్-మ్యాప్ ఆ చిరునామాను అనుమతిస్తోందా అని చూడాలి.
2. యాక్సెస్ నియమాలు, పోయే దారి, వచ్చే దారి ఒకే ఫైర్‌వాల్ గుండా ఉన్నాయా అన్నది.