తీగ వచ్చేలోగా ఇంట్లో చేయాల్సినవి

ఒంగోలు

చిరంజీవి చిన్నికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.  

హైదరాబాద్ హాస్టల్ ఖాళీ చేసి, ఇక అద్దంకి ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం చేస్తానన్నావని నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఫైబర్ కనెక్షన్‌కు డబ్బు కట్టేశారనీ, పండక్కి ఇంటికి రంగులు వేయిస్తున్నారనీ కూడా చెప్పాడు. ‘తీగదేముంది, వాళ్లే వచ్చి వేసి పోతారు’ అన్నాడు. ఆ మాటకు మనసొప్పక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో చెబితే సగం వింటారు, సగం మరిచిపోతారు. కాగితం మీద ఉంటే ఎలక్ట్రీషియన్‌కు కూడా చదివి వినిపించవచ్చు.

తీగ వేసే అబ్బాయికి ఆ రోజు మనదొక్కటే ఇల్లు కాదు. ఎండలో ఇంకా నాలుగిళ్లు తిరగాలి. వచ్చీ రాగానే వీధివైపు కిటికీ కనిపిస్తుంది, దాని పక్కనే ప్లగ్ పాయింట్ కనిపిస్తుంది. కిటికీ రెక్క సందులోంచి తీగ దూర్చి, అక్కడే రౌటర్ పెట్టె తగిలించి వెళ్లిపోతాడు. అతన్ని అనడానికి లేదు. ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషి ఇంట్లో లేకపోతే ఎవరైనా అదే చేస్తారు. తర్వాత ఏళ్ల తరబడి ఆ చోటుతో సర్దుకుపోవాల్సింది మాత్రం మీరు. కాబట్టి తీగ ఎటునుంచి రావాలో, ఎక్కడ గోడ దాటాలో, ఎక్కడ ఆగాలో ముందే నువ్వు తేల్చుకో. అదీ రంగుల పని మొదలు కాకముందే.

మన రాష్ట్రంలో ఊళ్లకు ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వచ్చింది. 2015లో ప్రభుత్వం ఇందుకోసమే ఏపీ ఫైబర్‌నెట్ సంస్థను పెట్టి, భూమి తవ్వే ఖర్చు లేకుండా ఉన్న స్తంభాలకే దాదాపు 24 వేల కిలోమీటర్ల కేబుల్ కట్టించింది. ముందు కోనసీమలో మోరి అనే ఊళ్లో ఇంటింటికీ ఇచ్చి చూశారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో దాన్ని లాంఛనంగా ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు నెట్టు, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్నారు. స్తంభం నుంచి ఇంటిదాకా లాగే పని మాత్రం ఊళ్లలో కేబుల్ టీవీ ఆపరేటర్ల చేతికి వచ్చింది. ఇవాళ ఏ సంస్థ కనెక్షన్ తీసుకున్నా సరే, ఆ ఆఖరి యాభై అరవై గజాలు ఎలా వేశారన్న దాని మీదే నీ ఉద్యోగం నడుస్తుంది.

ఫైబర్ అంటే గాజు పోగే, ఆ గాజు సంగతి కాస్త చెప్పనీ. మేము టెలిఫోన్ ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో మా చేతుల్లో ఆడింది రాగి. నలిగినా, మడతపడినా, సందులోంచి ఈడ్చినా రాగి తీగలో మాట ఎలాగో అవతలికి చేరేది. గాజు అలా కాదు. నల్ల తొడుగు లోపలి పోగు మొత్తం మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుగు నడిచే నడిమి భాగం 9 మైక్రాన్లు. గాజును బాగా శుద్ధి చేస్తే, కిలోమీటరు పోయాక వెలుగులో నూరో వంతు మిగిలినా మాటలు పంపడానికి చాలని 1966లో చార్లెస్ కావో లెక్క కట్టి చెప్పాడు. 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీ వాళ్లు అలాంటి గాజు తీసి చూపించారు. కావోకు 2009లో నోబెల్ వచ్చింది. ఇప్పటి మేలురకం పోగులో కిలోమీటరు నడిచినా నూటికి తొంభై అయిదు వంతుల వెలుగు మిగులుతుంది. ఇంతమంది ఇన్నేళ్లు కష్టపడి అంత దూరం నడిపించుకొచ్చిన వెలుగు మన కిటికీ రెక్క కింద నలిగి ఆగిపోతే నాకు నిజంగానే బాధగా ఉంటుంది.

వంపు దగ్గర వెలుగు పక్కకు జారిపోతుంది. ఇళ్లకు వేసే రకం పోగు కొంత వంపును తట్టుకునేలా చేసిందే అయినా, గోడ మూలల్లో లంబకోణంగా విరిచి మేకు బిగిస్తే ఓర్చుకోదు. మిగిలిన తీగను చుట్టేటప్పుడు అన్నం కంచమంత వెడల్పున చుట్ట చుట్టించు. జడలా మడిచి రబ్బరు బ్యాండు వేయనీకు.

ముందు వీధిలోకి వచ్చి నిలబడి స్తంభం కేసి చూడు. మన వీధిలో ఇప్పుడు పత్తి బోరేలు ఎత్తుగా కట్టిన ట్రాక్టర్లు తిరుగుతాయి. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి మిరపకాయల టిక్కీలు కోల్డ్ స్టోరేజీకీ, గుంటూరు యార్డుకూ కదులుతాయి. లోడు మీద కూర్చున్న మనిషి వేలాడే తీగను కర్రతో పైకెత్తి బండి పోనివ్వడం చూసే ఉంటావు. మన తీగ ఆ కర్రకు కూడా అందనంత ఎత్తులో రోడ్డు దాటాలి. అందుకని కిటికీ ఎత్తున కాకుండా, పై అంతస్తు పిట్టగోడ కింద గోడకు గట్టి కొక్కెం వేయించు. తీగ బరువంతా ఆ కొక్కేనికి పడాలి. తీగలోనే బలం కోసం పక్కన ఒక ఉక్కు తీగ ఉంటుంది. దాన్ని కొక్కెం దగ్గరే బిగించి అక్కడే కత్తిరించమను, లోపలికి తీసుకురావద్దు. గాజులో కరెంటు పారదు గానీ ఉక్కులో పారుతుంది. పిడుగు పడే రోజుల్లో అది ఇంట్లోకి రాకుండా ఉండడమే మంచిది.

డాబా మీద మాత్రం తీగ పరుచుకుని ఉండకూడదు. అమ్మ అక్కడ మిరపకాయలు ఆరబోస్తుంది, పట్టాలు లాగుతారు, కాయలు తిరగేస్తారు. పైగా కోతులు. పట్టుకుని ఊగడానికి వీలుగా తీగ కనిపిస్తే అవి వదలవు. కొక్కెం నుంచి గోడ వెంట పైపులో కిందికి దించేస్తే ఈ బాధలేవీ ఉండవు. తుపాను సంగతీ మరవకు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది కదా, అలాంటి గాలికి వదులుగా ఉన్న ప్రతి తీగా గోడకు కొట్టుకుని తొడుగు చీల్చుకుంటుంది.

గోడకు రంధ్రం వేసేటప్పుడు లోపలినుంచి బయటికి కొంచెం వాలుగా వేయమను. బయట రంధ్రం కంటే కాస్త దిగువకు తీగ వంగి మళ్లీ పైకెక్కి లోపలికి వెళ్లాలి. అప్పుడు వాన నీళ్లు ఆ వంపులోనే కారిపోతాయి, గోడలోకి రావు. గుమ్మానికి నాన్న ముచ్చటపడి వేయించిన బల్లికురవ గ్రానైట్ పలక ఉంది. దానికి డ్రిల్ పెట్టనీకు. పగిలిందంటే మీ నాన్న ఎన్నాళ్లు బాధపడతాడో నీకు తెలుసు. పక్కన ఇటుక గోడకే వేయించు.

లోపల పైపు గురించి ఎలక్ట్రీషియన్‌కు ఇప్పుడే చెప్పు. అంగుళం పైపు, కరెంటు తీగలు లేనిది, విడిగా వేయాలి. మూలల్లో ఎల్బోలు కాకుండా పొడవాటి బెండ్లు వాడాలి. పైపులో లాగుడు తీగ ఒకటి వదిలిపెట్టాలి. వరండా నుంచి హాల్లోకి పాత టెలిఫోన్ తీగ ఉన్న పైపు ఇప్పటికీ ఉండాలి. ఒక కొసన పట్టుకుని మెల్లగా లాగి చూడు. కదిలిందా, నీ అదృష్టం. ఆ రాగి తీగ కొసకే కొత్త కేబుల్‌ను టేపుతో నున్నగా చుట్టి అవతలినుంచి లాగితే గోడ పగలగొట్టే పనే ఉండదు. కదలకపోతే మొండిగా గుంజకు. తెగితే పైపు మూసుకుపోతుంది. పత్తి నిలవ చేసే వరండాలో ఎలుకలు తప్పవు కాబట్టి అక్కడ మాత్రం పైపు లేకుండా అంగుళం తీగ కూడా కనిపించకూడదు.

ఇక పెట్టె. నీ గది మేడ మీద ఉంది కాబట్టి పెట్టె అక్కడే పెట్టిస్తానంటావేమో. వద్దు. మేడ గది మీద శ్లాబు తప్ప నీడ లేదు, రోహిణి కార్తెలో ఆ గోడ ముట్టుకోలేం. ఆ పెట్టె రాత్రింబవళ్లు పనిచేసేది, దానికి గాలి కావాలి. అమ్మా నాన్నలకు టీవీ కూడా ఆ తీగ మీదే రావచ్చు. పెట్టెను కింద హాల్లో, మెట్ల వైపు గోడకు, నిలబడితే మన తల ఎత్తున పెట్టించు. టీవీ వెనక, బీరువా మీద, ఫ్రిజ్ పక్కన పెట్టవద్దు. ఇనుము వైఫైని అడ్డుకుంటుంది. పాత ఇంటి గోడలు ఎంత మందమో నీకు తెలుసు. 5 గిగాహెర్ట్జ్ వైఫైకి వేగం ఎక్కువ గానీ ఒక్క గోడ దాటేసరికి నీరసపడుతుంది, 2.4 ఇంకొంత దూరం పోతుంది. మేడ మీద శ్లాబును దాటుకుని వచ్చే వైఫైతో ఆఫీసు మీటింగులు చేయాలనుకోకు. పెట్టె నుంచి మెట్ల పక్కగా నీ బల్లదాకా క్యాట్ 6 కేబుల్ ఒకటి పైపులో లాగించు. అది వంద మీటర్ల దాకా నిశ్చింతగా పనిచేస్తుంది. కంప్యూటర్‌కు నేరుగా పెట్టుకో, కావాలంటే పైన ఇంకో చిన్న రౌటర్ తగిలించుకో. రంగులు వేశాక ఈ పని గుర్తొస్తే మళ్లీ గోడ చెక్కాలి.

కరెంటు గురించి నానమ్మకు ఒక మాట నచ్చజెప్పాలి. పాత ఫోను కరెంటు పోయినా మోగేది. ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు ఆ రాగి తీగలోనే ఇంటిదాకా వచ్చేది. ఆవిడకు ఇప్పటికీ ఆ నమ్మకమే ఉంటుంది. గాజు పోగు వెలుగునే తెస్తుంది, కరెంటు తేదు. ఇంట్లో పెట్టె ఆరిపోతే ఫోనూ ఆగిపోతుంది. అందుకని పెట్టె పక్కన ప్లగ్ పాయింట్‌ను ఇన్వర్టర్ లైనులో కలపమను. ఇన్వర్టర్ లేకుంటే ఇలాంటి పెట్టెల కోసమే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, పెట్టె అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి కొను. పైన రౌటర్ పెడితే దానికీ ఒకటి కావాలి. స్తంభం మీద ఒక పోగును ఇళ్లకు పంచే స్ప్లిట్టర్‌కు కరెంటే అక్కర్లేదు. అవతలి ఆఫీసులో బ్యాటరీ ఉన్నంతసేపూ మన వీధిలో కరెంటు పోయినా నీ మీటింగ్ ఆగదు.

తీగ వేసే రోజున ఇంట్లో నువ్వు ఉండు, నాన్న మీద వదలకు. అన్నిటికంటే ముందు అడగాల్సింది ఆ అబ్బాయి క్షేమం. అతను ఎక్కేది కరెంటు స్తంభం. లైన్‌మన్‌తో మాట్లాడి ఎల్‌సీ (లైనులో కరెంటు ఆపించే అనుమతి) తీసుకున్నాడో లేదో అడుగు. లేదంటే తీసుకున్నాకే ఎక్కమను. వీధంతా రెండు గంటలు ఫ్యాను లేకుండా కూర్చున్నా పర్వాలేదు, ఎవరైనా గొణిగితే నా పేరు చెప్పు. అల్యూమినియం నిచ్చెన తీగల దగ్గరికి పోనీకు. దొడ్లో మన వెదురు నిచ్చెన ఉంది కదా, అది ఇవ్వు. మజ్జిగ ఇవ్వడం నీకు చెప్పనక్కర్లేదు.

జాయింట్ వేసేటప్పుడు పక్కన కూర్చుని చూడు, చూడదగ్గ పని. తొడుగు ఒలిచి, పోగును స్పిరిట్‌తో తుడిచి, చిన్న యంత్రంలో పెట్టి కొస నరుకుతాడు. రెండు కొసల్నీ స్ప్లైసింగ్ మెషిన్‌లో ఎదురెదురుగా పెట్టి మూత వేస్తే, తెర మీద రెండు పోగులు దగ్గరకు జరగడం, ఒక మెరుపు మెరిసి అతుక్కుపోవడం కనిపిస్తుంది. ఎంత నష్టం జరిగిందో అంకె కూడా అక్కడే పడుతుంది. అంకె 0.1 దాటితే మళ్లీ వేయమని మర్యాదగా అడుగు. నరికినప్పుడు రాలిన గాజు ముక్కలు కంటికి ఆనవు, కాలికి మాత్రం దిగుతాయి. కింద తెల్ల గుడ్డ పరిచి, పని అయ్యాక ముక్కల్ని టేపుకు అంటించి పారేయమను. నానమ్మ చెప్పుల్లేకుండా తిరిగే హాలు అది. ఇంకొకటి, తీగ కొసను కంటికి ఎదురుగా పెట్టి ‘వెలుగొస్తోందా’ అని ఎవరూ చూడకూడదు. ఆ వెలుగు కంటికి కనిపించేది కాదు.

ఆఖరున పవర్ మీటర్ పెట్టి చూపించమను. అంకె డీబీఎంలలో, మైనస్‌లో వస్తుంది. మైనస్ 20 అంటే మిల్లీవాటులో నూరో వంతు వెలుగు చేరిందని. అక్కడినుంచి మూడు అంకెలు దిగితే వెలుగు సగమైపోయినట్టు. మైనస్ 27 దాకా పెట్టె పట్టుకోగలదు గానీ అంత అంచున నన్నయితే ఒప్పుకోమనకు. వానకు జాయింట్ కాస్త చెమ్మగిల్లినా సిగ్నల్ పోయి పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది. మైనస్ 24 కంటే కిందికి పోతే ఎక్కడో వంపో, దుమ్ముపట్టిన కనెక్టరో ఉన్నట్టే, వెతకమను. వచ్చిన అంకెనూ తేదీనీ మార్కర్‌తో పెట్టె పక్కన రాసి పెట్టు. రేపు నెట్టు మెల్లగా వస్తోందని నువ్వు ఫిర్యాదు చేసినప్పుడు ఆ అంకె చూపిస్తే ఎవరూ మాట దాటవేయలేరు.

వైఫై పాస్‌వర్డ్ అదే రోజు మార్చు. పెట్టె అద్దెదా, డిపాజిట్ కట్టిందా అడిగి రసీదు తీసుకో.

ఎలక్ట్రీషియన్ పైపు వేసినప్పుడు ఒకసారి ఫొటో తీసి పంపు, బెండ్లు చూసి చెబుతాను. మీటర్ రీడింగ్ ఎంత వచ్చిందో కూడా రాయి.

నాన్నకూ అమ్మకూ ఆశీస్సులు, నానమ్మకు నమస్కారాలు చెప్పు.

నీ పెదనాన్న