గంటకు గంట: ఇరుగుపొరుగు ఖాతా పుస్తకం

ఈ ప్రశ్న మీ పిల్లల్ని అడిగి చూడండి: డాక్టరుగారి గంట, దర్జీ గంట, ఈ రెండింటిలో దేని విలువ ఎక్కువ? చాలామంది పిల్లలు తడుముకోకుండా డాక్టరుదే అంటారు. ఫీజు చూసి విలువ కట్టడం మన దగ్గరే నేర్చుకున్నారు మరి. టైమ్ బ్యాంకులో మాత్రం ఎవరి గంటైనా ఒక గంటే.

లెక్క ఇలా నడుస్తుంది. ఒక అపార్టుమెంటులో 101లో ఉండే అమ్మమ్మగారు 204లోని పిల్లలకు రెండు గంటలు తెలుగు చదవడం నేర్పారనుకుందాం. ఆమెకు +2, 204కు -2. తర్వాత 302లోని అబ్బాయి ఆమెను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లి వచ్చాడు, ఒక గంట పట్టింది. ఆమెకు +1 మిగిలింది, అబ్బాయికి +1 వచ్చింది. 204లోని నాన్నగారు ఓ గంట కూర్చుని ఆ అబ్బాయిని ఇంటర్వ్యూకు సిద్ధం చేశారు. ఇప్పుడు 101కి +1, 204కు -1, 302కు 0. మూడూ కూడితే సున్నా. ఎన్ని పనులు జరిగినా మొత్తం సున్నాయే రావాలి. పూర్ణ సంఖ్యల పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మన పల్లెల్లో నాట్లప్పుడు ఇవాళ మీ పొలానికి మేము, రేపు మా పొలానికి మీరు అంటూ బదులు పనికి వెళ్లడం పెద్దలకు తెలుసు. అక్కడ ఎవరికి చేశామో వాళ్లే తిరిగి చేయాలి. ఇక్కడ ఆ నియమం లేదు, బాకీ చేతులు మారుతూ పోతుంది.

ఆలోచన కొత్తదేం కాదు. 1827లోనే అమెరికాలోని సిన్సినాటిలో జోసయా వారెన్ ఒక 'టైమ్ స్టోర్' తెరిచారు. సరుకుకు అసలు ధర, దుకాణదారు వెచ్చించిన సమయానికి అంతే శ్రమ చేస్తామనే చీటీ, ఇదీ అక్కడి బేరం. యుద్ధకాలంలో తన కుట్టుపనికి బదులుగా కూరగాయలు సంపాదించుకున్న జపాన్ గృహిణి తెరుకో మిజుషిమా 1973లో ఒసాకాలో శ్రమ బ్యాంకు స్థాపించారు. సభ్యుల్లో ఎక్కువమంది గృహిణులే.

ఎడ్గార్ కాన్ కథ పిల్లలకు తప్పక చెప్పాల్సింది. ఆయన అమెరికాలో న్యాయశాస్త్ర ఆచార్యుడు. 1980లో గుండెపోటు వచ్చి మంచాన పడ్డారు. అందరూ తనకు సేవ చేస్తుంటే, తాను ఎవరికీ పనికిరానివాడినయ్యానన్న బాధ ఆయనను పట్టుకుంది. సమాజం పక్కన పెట్టిన వృద్ధులు, పేదలు, నిరుద్యోగులు రోజూ ఇలాగే అనుకుంటారు కదా అన్న ఆలోచనలోంచి 'టైమ్ డాలర్' పుట్టింది. తర్వాత చికాగో బడుల్లో పెద్ద తరగతుల పిల్లలు చిన్నవాళ్లకు చదువు చెప్పి గంటలు కూడబెట్టి, బాగుచేసిన పాత కంప్యూటర్లు తీసుకున్నారు. మార్కుల్లో వెనకబడిన పిల్లవాడు కూడా రెండో తరగతి పిల్లకు కూడికలు చెప్పగలడు. మన ప్రోగ్రెస్ కార్డులో దీనికి గడి లేదు, ఉంటే బాగుండేది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇవ్వడానికి ముందుకొచ్చినంత సులువుగా మనం అడగలేం. మొహమాటం! అందరి ఖాతాలూ ప్లస్‌లోనే ఉండాలనుకుంటే ఈ పుస్తకం నడవదు, ఎవరో ఒకరు మైనస్‌లో ఉండాల్సిందే. సామాను ఖర్చుకు డబ్బే ఇచ్చుకోవాలి. వైరింగు, వైద్యం లాంటివి అర్హత ఉన్నవారికే వదిలేయాలి. ఇల్లు మారిపోయేవారి గంటలకు పూచీ ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి.

ఈ నెల నాలుగైదు ఇళ్లవారు కలిసి ఒక నోటుబుక్కు పెట్టి చూడండి. పిల్లలు ఎవరింటికి వెళ్తున్నారో, అక్కడ పెద్దలెవరున్నారో మీకు తెలిసే జరగాలి. పుస్తకం రాసే బాధ్యత ఆరు, ఏడు తరగతుల వారికి ఇవ్వండి. రాసిన సమయం కూడా వారి ఖాతాలో జమే, ఆ గంటను మిగతా ఇళ్లు పంచుకుని భరించాలి. నెలాఖరున అన్నీ కూడితే సున్నా రాలేదంటే, ఎక్కడో ఒక పద్దు ఒకవైపే పడిందన్నమాట. ఆ పేజీ మీరు వెతకొద్దు, వాళ్ల చేతే వెతికించండి.