సమృద్ధి దినములలో సిద్ధపాటు

పఠనము: ఆదికాండము 41:28–36, నిర్గమకాండము 16:16–21

2020 మార్చి 22న దేశమంతట ప్రయాణికుల రైళ్లు నిలిచిపోయెను; గూడ్సు బండ్లు ఆగలేదు. ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా యార్డు వంటి చోట్ల పనివారు డ్యూటీకి వెళ్లవలసియుండెను. ఇరుకు క్వార్టర్సుకు తిరిగివచ్చిన కుమారుడు వృద్ధురాలైన తల్లిని ఎట్లు కాపాడవలెను? తెగులు వాకిట నిలిచిన పిమ్మట ఈ ప్రశ్నకు జవాబు వెదకుట కష్టము.

యోసేపు కరవు రాకమునుపే పంటలో అయిదవ భాగమును కూర్చెను. అది అవిశ్వాసము కాదు, దేవుడు తెలిపినదానికి విధేయత. మనమును ఇట్లు సిద్ధపడుదము:

1. రెండు వారములకు చాలిన బియ్యము, పప్పు, సబ్బు, బి.పి., షుగరు మందులు కొంచెము కొంచెముగా సమకూర్చుకొనవలెను.

2. ఇట్టి వ్యాధి గాలి ద్వారా వ్యాపించును గనుక రోగికి కిటికీగల గదిని ముందే నిర్ణయించవలెను. గది ఒక్కటే అయినచో కిటికీలు తెరచి, అందరు మాస్కు ధరించవలెను.

3. తలిదండ్రులిద్దరు మంచముపట్టినచో బిడ్డలను ఎవరు చూతురో ఇప్పుడే మాటలాడుకొనవలెను.

అయితే హద్దు కలదు. మరునాటికి దాచుకొనిన మన్నా పురుగుపట్టెను. ఒకడు అంగడి అంతయు కొనినచో పొరుగువానికేమి మిగులును? యోసేపు కొట్లు ఆకలిగొనినవారికి తెరువబడెను.

ధ్యానించుము: నీ వీధిలో ఒంటరిగానున్న పింఛనుదారుని తలుపు ఆ దినమున ఎవరు తట్టుదురు?

ప్రార్థన: ప్రభువా, భయముతో కాక ప్రేమతో సిద్ధపడుట మాకు నేర్పుము. ఆమేన్.