ఇద్దరు విలుకాళ్ళకి ఒక మాటు: నాలుగు కాలాలు నిలిచేది ఎలా ఎంచుకోవాలి?

గ్రౌండ్ బ్లైండ్ అంటే నేల మీద వేసుకునే చిన్న గుడారం. లోపల కూర్చున్న మనిషి బయటి జంతువుకి కనపడకూడదు, మనిషికి మాత్రం బయట అంతా కనపడాలి. దీనికి తెలుగులో చక్కటి మాట ఉంది: మాటు. "మాటు వేశాడు" అంటాం చూడండి, అదే. చేలో పిట్టల్ని తోలే మంచె ఎత్తు మీద ఉంటుంది, ఇది నేల మీద ఉంటుంది.

నాకెందుకు ఈ గొడవ అంటారా? మా అక్కావాళ్ళు అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉంటారు. బావగారు ఆఫీసు ఫ్రెండ్‌తో కలిసి రెండేళ్ళుగా విల్లుతో జింకల వేటకి వెళ్తున్నారు. అక్కడ లైసెన్స్ తీసుకుని సీజన్‌లో వేటాడటం చట్టబద్ధం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, కాబట్టి ఇది ఇక్కడ ప్రయత్నించే పాఠం కాదు. వాళ్ళ మొదటి గుడారం ఒక్క సీజన్‌కే మూలల్లో చిరిగిపోయింది. "ఇంజనీరింగ్ చదువుతున్నావుగా, ఈసారి ఏది కొనాలో లెక్కేసి చెప్పు" అన్నారు. చదివేది కంప్యూటర్ సైన్సే అయినా ఫస్టియర్ ఫిజిక్స్ ఇంకా గుర్తుంది. ఆ లెక్కలే ఈ వ్యాసం.

ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు. లోపల చోటు చాలక మోచెయ్యి గుడ్డకి తగిలితే బాణం పక్కకి పోతుంది. తప్పిపోతే సరే. కానీ తగలకూడని చోట తగిలితే ఆ జింక బాణంతోనే పరుగెత్తి, ఎక్కడో పొదలో గంటల తరబడి బాధపడి చస్తుంది. వేట మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు, ఇది మాత్రం ఎవరికీ ఇష్టం ఉండదు.

మూడు రకాలు

మొదటిది స్ప్రింగ్ స్టీల్ చట్రం ఉన్నది. చక్రంలా మడిచి వీపుకి తగిలించుకోవచ్చు, తేలిక, చవక. గాలికి మాత్రం ఊగిపోతుంది. రెండోది గట్టి గోడలది, చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన పెట్టె లాంటిది. ఏళ్ళ తరబడి ఉంటుంది, కానీ సొంత పొలం ఉన్నవాళ్ళకే పనికొస్తుంది, మోసుకెళ్ళలేం. మూడోది హబ్ రకం. బావగారి అవసరానికి ఇదే సరి.

హబ్ రకం పనితీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్కో గోడ మధ్యలో ఒక హబ్, దాని నుంచి నాలుగు మూలలకి నాలుగు ఫైబర్‌గ్లాస్ కడ్డీలు. గోడ చదునుగా ఉన్నప్పుడు కడ్డీలు బాగా నొక్కుకుపోయి ఉంటాయి. హబ్‌ని బయటికి లాగితే టప్పున ఉబ్బి గుడ్డ బిగుసుకుంటుంది. లోపలికి తోస్తే మళ్ళీ టప్పున ముడుచుకుంటుంది. అంటే రెండే స్థిరమైన స్థితులు, మన ఫ్లిప్-ఫ్లాప్ లాగా! నాలుగు గోడలు, ఒక కప్పు, మొత్తం ఐదు హబ్‌లు.

కడ్డీల బలమంతా చివరికి వెళ్ళి మూలల్లో ఉన్న చిన్న చిన్న జేబుల మీద పడుతుంది. బావగారి గుడారం మూలల్లోనే ఎందుకు చిరిగిందో ఇప్పుడు అర్థమైందా? కొనేముందు గుడ్డ మీద ప్రింటు చూడకండి, మూలలు చూడండి. అక్కడ రెండు మూడు పొరల గుడ్డ, అడ్డంగా నిలువుగా కుట్టు ఉండాలి.

ఇద్దరికి ఎంత చోటు?

పెట్టె మీద రాసే కొలత చాలాసార్లు ఒక హబ్ నుంచి ఎదుటి హబ్‌కి ఉన్న దూరం. గోడలు బయటికి ఉబ్బుతాయి కాబట్టి అక్కడ 75 అంగుళాలున్నా నేల మీద 60 అంగుళాలే ఉండొచ్చు. కుర్చీ వేసేది నేల మీద, కాబట్టి నేల కొలతే అడగాలి.

విలుకాడికి కావలసిన పొడవు ఇలా లెక్కేశాను. చేతులు రెండూ చాచిన పొడవుని 2.5తో భాగిస్తే నారి ఎంత వెనక్కి లాగాలో సుమారుగా వస్తుంది. 70 అంగుళాలకి 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు. నారి దవడ దగ్గర ఆగుతుంది గానీ మోచెయ్యి ఇంకో 35 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. విల్లు ముందు ఉండే స్టెబిలైజర్‌కి 20, అది కిటికీకి తగలకుండా ఖాళీ ఇంకో 25. మొత్తం సుమారు 150 సెంటీమీటర్లు, అంటే దాదాపు 60 అంగుళాలు. అరవై అంగుళాల గుడారం "ఇద్దరికి" అని అమ్మినా, విల్లు పట్టుకున్నాక అది ఒక్కరికే సరిపోతుంది!

ఇద్దరికి నేల మీద కనీసం 70 అంగుళాలు ఉండాలి. కూర్చోవడంలో కూడా కిటుకుంది. చదరానికి కర్ణం భుజం కంటే 1.41 రెట్లు పొడవు కాబట్టి, మూల నుంచి మూలకి చూస్తే ఎక్కువ చోటు దొరుకుతుంది. బాణం వేసే వ్యక్తి వెనక మోచెయ్యి తిరిగే దారిలో రెండో వ్యక్తి కూర్చోకూడదు. ఒకసారికి ఒక్కరే విల్లు ఎత్తాలి, ఎవరి వంతో ముందే మాట్లాడుకోవాలి. బ్లేడ్ లాంటి బాణం మొనలు రెండు జతలు ఒకే గదిలో ఉన్నాయని మర్చిపోవద్దు.

కన్ను ఒక దారి, బాణం ఒక దారి

నాకు బాగా నచ్చిన విషయం ఇది. గేమ్‌లో గోడ చాటు నుంచి కాలిస్తే, గురి సరిగ్గా ఉన్నా తూటా గోడకే తగులుతుంది చూడండి. కెమెరా పైన ఉంటుంది, తుపాకీ కింద ఉంటుంది. విల్లుతోనూ అంతే. కాంపౌండ్ విల్లులో గురి చూసే పిన్ను బాణం కంటే సుమారు 10 సెంటీమీటర్లు పైన ఉంటుంది. పిన్నులోంచి జింక స్పష్టంగా కనిపిస్తుంది, బాణం మాత్రం కిటికీ కింది అంచుని చీల్చుకుంటూ పోతుంది. అందుకే కిటికీ ఎత్తు సర్దుకునేలా ఉండాలి, కుర్చీలో కూర్చుని విల్లు లాగి ముందే చూసుకోవాలి.

కిటికీకి సన్నటి జాలీ ఉంటే దాంట్లోంచే బాణం వేయొచ్చు అంటారు. కదలని బ్లేడ్ల మొన అయితే పర్వాలేదు. తగిలాక విచ్చుకునే మొన అయితే జాలీ దగ్గరే విచ్చుకోవచ్చు, అప్పుడు బాణం దారి తప్పుతుంది.

ఎండ, గాలి, మంచు

గుడ్డలోని దారం బరువుని డెనియర్‌లో చెప్తారు. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 300 కంటే 600 డెనియర్ గట్టిది, కాకపోతే మోత బరువు పెరుగుతుంది. ఎండకి నైలాన్ కంటే పాలిస్టర్ బాగా తట్టుకుంటుంది.

గాలి లెక్క చూస్తే భయమేసింది. గాలి వేగాన్ని (సెకనుకి మీటర్లలో) వర్గం చేసి 0.613తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. గంటకి 54 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకి 15 మీటర్లు, ఒత్తిడి సుమారు 138. గోడ 1.7 మీటర్ల చదరం అనుకుంటే దాని మీద 400 న్యూటన్లు, అంటే 40 కిలోల బరువు ఆనించినట్టు. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. అప్పుడు గోడ "టప్పు"మని లోపలికి తిరగబడుతుంది, కడ్డీ విరిగేది కూడా అప్పుడే. అందుకే ప్రతి హబ్‌కీ బయట తాడు కట్టే ఉంగరం ఉందా అని చూడాలి, మేకులు పొడుగ్గా ఉండాలి.

విస్కాన్సిన్‌లో విల్లు సీజన్ సెప్టెంబర్ మధ్యలో మొదలై జనవరి దాకా నడుస్తుంది కాబట్టి మంచు కూడా తప్పదు. పది సెంటీమీటర్ల తాజా మంచు కప్పు మీద దాదాపు 29 కిలోలు, తడిసిన మంచైతే ఇంకా ఎక్కువ. దులపకుండా వారం వదిలేస్తే ఎంత ఖరీదైన గుడారమైనా కూలుతుంది.

ఇక్కడే అసలు చిక్కు. జింకలు అలవాటు పడాలంటే గుడారాన్ని వారాల ముందే వేసి ఉంచాలి. ఎక్కువ రోజులు బయట ఉంటే ఎండ దాన్ని తినేస్తుంది. రెండూ కావాలంటే కుదరదు. అందుకే చెట్టు నీడలో వేసి, చుట్టూ కొమ్మలు కప్పి, సీజన్ అయిపోగానే పూర్తిగా ఆరబెట్టి మడవమన్నాను. తడిగా మడిస్తే లోపలి పూత పొరలు పొరలుగా ఊడిపోతుంది.

కనపడకపోవడం

లోపలి గోడలు నల్లగా ఉండాలి, వెనక కిటికీలు మూసి ఉండాలి. వెనక నుంచి వెలుగొస్తే మనిషి నీడబొమ్మలా దొరికిపోతాడు. నల్ల చొక్కా వేసుకుంటే ఇంకా మంచిది. జింక కంట్లో రంగు గుర్తించే కణాలు రెండే రకాలు, మనకి మూడు. నారింజ రంగు దానికి సరిగ్గా తెలియదు, మనకి మాత్రం మెరిసిపోతుంది. అందుకే ఆ రాష్ట్రంలో తుపాకీ వేట రోజుల్లో ప్రభుత్వ భూముల్లో మాటు మీద నారింజ లేదా మెరిసే గులాబీ రంగు నలువైపులా కనిపించేలా పెట్టాలని నిబంధన ఉంది. జింకకి దాక్కోవాలి, తోటి వేటగాడికి మాత్రం కనపడాలి!

బావగారికి పంపిన జాబితా ఇది:

1. హబ్ రకం, నేల కొలత 70 అంగుళాలు పైన.
2. 600 డెనియర్ పాలిస్టర్, మూలల్లో రెండు మూడు పొరలు.
3. ప్రతి హబ్‌కీ తాడు, పొడుగు మేకులు.
4. కిందికి దిగే కిటికీలు, చప్పుడు చేయని కొక్కేలు. వెల్క్రో వద్దు, చర్రుమంటుంది.
5. విడి కడ్డీలు, విడి హబ్ అమ్మే కంపెనీది. కడ్డీ విరిగితే కడ్డీయే మార్చాలి గానీ గుడారం కాదు.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం. ఎప్పటికీ పాడవని వస్తువు లేదు, బాగుచేసుకోగలిగిన వస్తువే ఎక్కువ కాలం మన్నుతుంది. ఇదే గుడారం మన నేలపట్టులోనో ఉప్పలపాడులోనో కొంగల ఫోటోలు తీయడానికి కూడా పనికొస్తుంది. అప్పుడు మోచేతి లెక్క అక్కర్లేదు, అరవై అంగుళాల్లో ఇద్దరూ హాయిగా కూర్చోవచ్చు. మన ఫోటోగ్రఫీ క్లబ్ వాళ్ళు వింటున్నారా?